ఆ మాటలు ఎవరి చెవిన పడ్డాయో

ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఫ్రెండ్ రిక్వెస్టులన్నీ ఎందుకు ఒప్పుకుంటావు అమ్మమ్మా అని పోయిన ఆదివారం వీడియోలో అడిగావు కదా చిన్నదానా. ఎవడో సినిమా హీరో ఫొటో పెట్టుకున్నవాడిని కూడా ఒప్పుకున్నానని మీ అన్న వెక్కిరించాడు. ఆ హీరోది మల్లాపూర్. కువైట్‌లో రొట్టెల బట్టీ దగ్గర పని చేస్తాడు. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఇంత తెలిశాక వాడు తెలియనివాడు ఎట్లా అవుతాడు? నిజంగానే తెలియని వాళ్ళు ఉంటే, ఒప్పుకున్నాక తెలుస్తారు. నా ఉద్యోగమే అది. ఉద్యోగం మానేసినా వేలికి ఆ అలవాటు పోలేదు.

అమ్మమ్మ ఏం పని చేసేదని అడిగితే మీ అమ్మ "ఫోన్లు ఎత్తేది" అని చెబుతుందట. తప్పేం లేదు. కోరుట్ల బస్టాండు పక్కన ఎస్టీడీ బూతులో చేరిన నాటి నుంచి మెడనొప్పితో ఇంట్లో కూర్చున్న నాటి వరకు నేను చేసింది ఫోన్లు ఎత్తడమే. మీరు భివండీలో పుట్టారు. మీ నాన్న అక్కడి మగ్గాల మీద బతుకుతున్నాడు. వలస అంటే మీకు రైలు. మాకు ఇక్కడ వలస అంటే విమానం, దాని వెనకాలే ఫోను.

బూతు రోజులు తలుచుకుంటే నాకు ముందు శుక్రవారం గుర్తొస్తుంది. గల్ఫ్ దేశాల్లో ఆ రోజు సెలవు. మధ్యాహ్నం నుంచే చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని వచ్చి, బూతు ముందు మెట్ల మీద కూర్చునేవాళ్ళు. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో ఫోన్ వస్తే నేను బయటికి వచ్చి, ఫలానా వాళ్ళ కోడలా అని కేకేసేదాన్ని. ఒకామె చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చేది. మిగతావాళ్ళు కాస్త జరిగి కూర్చునేవాళ్ళు.

ఫోన్ ఉన్న చిన్న గదికి అద్దం తలుపు ఉండేది. మాట బయటికి రాకూడదని మా సేటు పెట్టించాడు. ఆ అద్దం ఏ మాటనూ ఆపలేదు. అంత దూరం వినబడాలంటే గట్టిగా అరవాలని అందరూ అనుకునేవాళ్ళు. ఒక ముసలాయన అయితే ఫోన్ పట్టుకున్నంతసేపూ "తిన్నవా? తిన్నవా బిడ్డా?" అని అడిగిందే అడిగేవాడు. అటు వాళ్ళు జవాబు చెప్పినా మళ్ళీ అదే. జ్వరాలు, కాన్పులు, అత్తా కోడళ్ళ తగువులు, అన్నీ నా చెవిన పడేవి. బయటికొచ్చిన మనిషి నా మొహం చూసేది కాదు. నేనూ మీటరు వంక చూసేదాన్ని. అది మా మధ్య మర్యాద. అట్లా వినీ వినీ నాకు మనుషుల మొహాల కన్నా గొంతులు ఎక్కువ గుర్తుండిపోయాయి. "హలో" అంటే చాలు, ఎవరో చెప్పేసేదాన్ని.

తర్వాత చేతి ఫోన్లు వచ్చాయి. మెట్ల మీద కూర్చునేవాళ్ళు పలచబడ్డారు. ఒక ఎండాకాలం సేటు తాళం వేసేశాడు. మరుసటి ఏడాదికి అక్కడ చికెన్ పకోడీ బండి పెట్టారు.

గల్ఫ్ పోయి నడుం విరగ్గొట్టుకుని వచ్చినాయన ఒకరు కోరుట్లలోనే ఉండేవారు. బస్టాండు ఎదురుగా మందుల దుకాణం పైన ఒక గది తీసుకుని, గల్ఫ్ కుటుంబాల కోసం ఒక చిన్న సంఘం ఆఫీసు తెరిచారు. పాస్‌పోర్టు చిక్కులు, జీతం ఇవ్వని యజమానులు, అక్కడే పోయినవాళ్ళను ఇంటికి తెప్పించడం, ఇదీ వాళ్ళ పని. ఆయన ఒకరోజు మన ఇంటికొచ్చారు.

"అక్కా, గీ చుట్టుపక్కల గల్ఫ్ ఇండ్లన్ని నీకు ఎర్కనే గద. నా ఆఫీసుల కూసోరాదు."

"గాడ నేనేం జేస్తనే తమ్మీ?"

"బూతుల ఏం జేసినవో గదే. ఫోన్ ఎత్తు."

చేరాను. ఆ రోజు నుంచి ఆయన నాకు తమ్ముడే. కొన్నాళ్ళకు నెట్ చవకైంది, టచ్ ఫోన్లు వచ్చాయి. ఆఫీసు తరఫున నాకూ ఒకటి కొనిచ్చారు. గాజు మీద వేలు పెడితే ఎక్కడ ఏమవుతుందోనని మొదట్లో చీర కొంగుతో పట్టుకునేదాన్ని. మీ అమ్మ అప్పుడు పెళ్ళి కాని పిల్ల. "అమ్మా, గది కుంపటి కాదే" అని నవ్వి, వాట్సాప్, ఫేస్‌బుక్ అన్నీ నేర్పింది.

ఈ రోజుల్లో మీరు స్నేహితులను పోగుచేసుకోవడం చూస్తుంటాను. ఫొటో పెట్టడం, ఎంతమంది మెచ్చుకున్నారో చూసుకోవడం. నేను పోగుచేసిన పద్ధతి వేరు. గల్ఫ్‌లో ఉన్న ఎవరి నంబరు నాకు దొరికినా, "ఏం దిన్నవ్" అని అడిగాక రెండో మాట ఒకటే అడిగేదాన్ని. "నీ పక్క మంచం మీద ఎవ్వరు పంటరు?" అక్కడ మనవాళ్ళుండే క్యాంపుల్లో ఒక గదిలో మంచాల మీద మంచాలు వేసుకుని పడుకుంటారు. ఈ మనిషి నంబరు మారవచ్చు, ఫోన్ పోవచ్చు, మనిషే మాట్లాడలేని స్థితిలో ఉండవచ్చు. పక్క మంచం మీదివాడికి మాత్రం సంగతి తెలుస్తుంది. అందుకే నా ఫోన్‌లో ప్రతి మనిషికీ ఒక పక్క మంచం ఉండేది. పేర్లు కూడా అట్లాగే రాసుకునేదాన్ని. ఊరు, పని, ఉన్న చోటు. వెల్గటూర్ నుంచి వెళ్ళి సౌదీలో నీళ్ళ ట్యాంకరు నడిపే ఒక అబ్బాయి ఉండేవాడు, కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడు. నా ఫోన్‌లో అతను "వెల్గటూర్ ట్యాంకర్ సౌదీ". అతన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

అందరినీ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి, దానికి "శుక్రవారం" అని పేరు పెట్టాను. అక్కడివాళ్ళు, ఇక్కడివాళ్ళు అందరూ అందులోనే. చాలామంది ఆడవాళ్ళకు చదవడం రాదు కాబట్టి మాటలన్నీ వాయిస్ మెసేజ్‌లే. పొద్దున్నే పూలు, దేవుళ్ళు పంపవద్దని చెప్పాను. వినలేదు. "అక్కా, పువ్వు పంపకపోతె నేను సచ్చిన్నని మా అమ్మ అనుకుంటది" అన్నాడొకడు. సరేనని పూలకు ఒప్పుకున్నాను. ఒక్క నియమం మాత్రం ఎవరినీ దాటనివ్వలేదు. చావు కబురు గ్రూపులో పెట్టకూడదు. నాకు చెప్పాలి. నేనో తమ్ముడో ఆ ఇంటికి పోయి, కూర్చుని, నీళ్ళు తాగి చెబుతాం. ఎందుకు ఆ నియమం పెట్టానో అడగకండి. ఒకసారి అది లేకపోవడం వల్ల ఏమైందో చూశాను.

నవ్వులూ ఉండేవి. జగిత్యాల ఆమె ఒకతి మొగుడిని తిడుతూ పెట్టిన వాయిస్ పొరపాటున గ్రూపులో పడింది. "ఓ నా రాజా, సబ్బుపెట్టె పంపితె సంసారమైతదా?" అని. ఆ వారమంతా మస్కట్ నుంచి కువైట్ దాకా ఆయనను అందరూ సబ్బుపెట్టె రాజా అన్నారు. ఆయన అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోతే, ఆమే నాకు ఫోన్ చేసి మళ్ళీ కలిపించింది.

ఇట్లా నడుస్తున్న రోజుల్లో ఒక శుక్రవారం ఆఫీసుకు సిరిసిల్ల పిల్ల వచ్చింది. మేం అట్లాగే పిలిచేవాళ్ళం. పిల్ల అన్నానే గానీ బడికి పోయే కూతురుంది. సిరిసిల్ల నుంచి వేములవాడ, అక్కడ బస్సు మారి కోరుట్ల. బీడీలు చేసుకుంటూ అత్తతో ఉండేది. మొగుడు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. అక్కడ వాటిని సాంచాలు అంటారు, మీ నాన్ననడగండి. సాంచాలు మూతపడి వాడంతా చప్పుడు లేకుండా పోయిన కాలంలో, తోటపని అని చెబితే నమ్మి సౌదీ పోయాడు. తీరా అక్కడ మేకల కాపరిగా పెట్టారు.

ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చోకుండానే అడిగింది.

"అక్కా, మా ఆయన అలిగిండు. జర మాట్లాడియ్యవా?"

"యాడుంటడు బిడ్డా?"

"సౌదీ."

"సౌదీల యాడ?"

"ఎడారిల."

"పక్క మంచం మీద ఎవ్వరు పంటరు?"

"మంచమే లేదంటక్కా. పక్కకు మేకలే పంటయట."

 పక్క మంచం లేని మనిషిని ఎట్లా వెతకాలి?

ఆమె చెప్పింది ఇది. మొదట్లో అతను వారానికోసారి నెట్ దొరికే చోటికి వచ్చి మాట్లాడేవాడు. చివరిసారి మాట్లాడినప్పుడు, ఉండలేకపోతున్నాను, వచ్చేస్తాను అన్నాడు. ఈమె, "అచ్చి ఏం జేస్తవ్? సాంచాలు బందే ఉన్నయ్ గద" అంది. అంతే. ఆ తర్వాత మాట లేదు. పంపిన వాయిస్‌లకు చాలా నెలలు ఒక్క టిక్కు మాత్రమే పడేది. ఆ వారం మాత్రం, ఒకేసారి, రెండు టిక్కులు పడి నీలం రంగయ్యాయి.

"సూడు, ఇంటుండు. మాట్లాడ్తలేడు గంతే. మొదటిసంది అలిగే గుణమే ఆయినది."

ఫొటో కూడా మారిందని చూపించింది. ముందు అతని మొహం ఉండేదట. ఇప్పుడు వేములవాడ కోడె. పసుపు, కుంకుమ పెట్టిన కోడె తల, దాని తాడు పట్టుకున్న ఒక చెయ్యి. మీకు తెలుసు కదా, రాజన్న దగ్గర మొక్కు ఉన్నవాళ్ళు కోడెను గుడి చుట్టూ తిప్పి కడతారు. మా వైపు గల్ఫ్ పోయే ప్రతివాడూ పోయే ముందు ఆ పని చేస్తాడు.

"ఆయన పొయ్యే ముందు మేం గూడ కట్టినం అక్కా. గీ చెయ్యి ఆయినదే. నాకు దెల్వదా?"

నేనూ చూశాను. చెయ్యి చెయ్యిలాగే ఉంది. ఆమె గుర్తుపట్టిందంటే అతనిదే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి ఫోన్ తెరిచినా కోడె తాడు పట్టుకున్న చెయ్యి ఒకటి ఉండేది. నా ఫోన్‌లో కూడా ఉంది, మీ తాతది.

తమ్ముడు కాగితం, కలం తీశాడు. "ఎంబసీకి రాద్దాం. మనిషి యాడున్నడో ఆళ్లే దేవులాడ్తరు."

ఆమె చేతులు జోడించింది. "అద్దన్నా. దరఖాస్తు వెడితె యజమాని కాడికి పోలీసులు పోతరు. ఇంక ఎక్కువ అలుగుతడు. ఇంటుండు గద, గది సాలు."

తమ్ముడు నా వంక చూశాడు. నేను ఆ నీలి టిక్కుల వంక చూశాను. కాగితం సొరుగులోకి పోయింది.

అప్పటి నుంచి ఆమె రోజూ మాపటికి బీడీల ఆకు పక్కన పెట్టి అతనికి వాయిస్ పంపేది. ఫోన్ చేస్తే రింగయ్యేది, ఎత్తేవాళ్ళు కాదు. వాయిస్ పంపితే మాత్రం కాసేపటికి నీలం. ఆఫీసుకు వచ్చిన రోజున మా బెంచీ మీద కూర్చునే పంపేది. బూతు ఆడవాళ్ళలాగే, పక్కన ఎవరున్నారన్న బెరుకు లేదు.

"ఇగో, బిడ్డకు ముందటి పన్ను ఊడింది. మిద్దె మీదికి ఇసిరినం. బాపు అచ్చేవరకు కొత్తది అస్తదా అని అడుగుతుంది. నేనేం జెప్పాలె?"

ఇంకోరోజు గొంతు తగ్గించి, "నువ్వు పొయ్యిన్నాడు నేను బస్టాండుకు రాలే గద. కోపమచ్చి కాదు. నడిబజార్ల ఏడుస్తనేమో అని భయమైంది. ఇన్ని దినాలు చెప్పలే" అంది. నేను కిటికీ దగ్గరికి పోయి బస్సులు చూస్తూ నిలబడ్డాను.

మనిషి ఎదురుగా ఉంటే అనలేని మాటలన్నీ ఆ పిల్ల ఆ ఫోన్‌కు చెప్పుకుంది. అత్త మీద కోపం, అత్త మీద జాలి, పక్కింట్లో ఉరేసుకున్న సాంచాల మనిషి, అది చూశాక తన లోపల కలిగిన ఆలోచన, బిడ్డ మొహం చూసి దాన్ని పక్కకు నెట్టిన రోజు. ఆ రోజు వాయిస్ మాత్రం చాలా పొడుగ్గా ఉంది. దానికీ నీలం పడింది.

ఒకసారి, రేపటితో రీఛార్జి అయిపోతుంది, ఇంక కొన్నాళ్ళు మాట్లాడను, బీడీల పైసలు వచ్చాక చూస్తాను అని పంపింది. తెల్లారేసరికి ఆమె ఫోన్‌కు రీఛార్జి పడింది. ఎవరు వేయించారో తెలియదు. ఆమె అదే పొద్దున బస్సెక్కి కోరుట్ల వచ్చేసింది. మొహం పండగలా ఉంది.

"సూసినవా అక్కా! నోరు దెరువడు గని, నా మాట ఆగనియ్యడు."

తమ్ముడికి నచ్చలేదు. "మాట్లాడనోడు రీఛార్జి ఎట్ల జేయిస్తడే? ఎవ్వనితోని జేయించిండు? ఆ ఎవ్వడు మనకెందుకు ఎర్క లేడు?"

"సోపతిగాండ్లు ఉండరా అన్నా?"

"మేకల నడుమ సోపతిగాండ్లా?"

"నువ్వు ఊకో తమ్మీ" అన్నాను నేను. "ఆ పొల్ల ఇయ్యాల నవ్వింది. నవ్వనియ్యి."

అట్లా అన్నానే గానీ, తమ్ముడి మాట నా లోపల కూర్చుంది. దరఖాస్తు పెట్టవద్దని ఆమె అంది, వెతకవద్దని అనలేదు కదా. ఫొటో పంపి లాభం లేదు. ఎడారి ఎండకు, గడ్డానికి మనిషి మొహం ఆరు నెలల్లో మారిపోతుంది. గొంతు మారదు. అతను పూర్వం పంపిన వాయిస్ ఒకటి ఆమె ఫోన్‌లోంచి అడిగి తీసుకున్నాను. "పైలం, బిడ్డ పైలం" అని, అంటే జాగ్రత్త అని, రెండే మాటలు. అవి శుక్రవారం గ్రూపులో వేయలేదు. సౌదీలో ఉన్న డ్రైవర్లకు మాత్రం ఒక్కొక్కరికీ విడిగా పంపి, "గీ గొంతు ఎక్కడన్న ఇనబడితె నాకు జెప్పున్రి" అని అడిగాను. క్యాంపుల్లో ఉండేవాళ్ళకు ఎడారి తెలియదు. ఎడారిలోకి పోయేది డ్రైవర్లే.

చాలా రోజులు ఏమీ రాలేదు. అందరూ విన్నామన్నారు, చూస్తామన్నారు. ఫేస్‌బుక్‌లో ఒకరి స్నేహితుల్లోంచి ఇంకొకరి స్నేహితుల్లోకి పోతూ, మనవైపు పేరున్న ప్రతి డ్రైవరుకూ రిక్వెస్టు పెట్టాను. ఒకడు, "ఎవరు నువ్వు ఆంటీ? అకౌంట్ హ్యాక్ జేస్తవా?" అని అడిగాడు. కాదు నాయనా, కోరుట్ల అని చెప్పాను. కోరుట్ల అనగానే వాళ్ళ చిన్నమ్మ ఊరని గంటసేపు మాట్లాడాడు.

తర్వాత ఒక శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం. సిరిసిల్ల పిల్ల మా బెంచీ మీదే ఉంది. అప్పుడే ఒక వాయిస్ పంపి ఫోన్ పక్కన పెట్టుకుంది. నా ఫోన్ మోగింది. ఇమో అనే యాప్‌లో వీడియో కాల్. వెల్గటూర్ ట్యాంకర్.

"అక్కా, మంచిగున్నవా? ఇగో, ఈడ తొట్టిల నీళ్లు నింపెతందుకు అచ్చిన, నా సౌదీ సిమ్ముకు ఈడ జర నెట్ అస్తది. ఒకాయన మేకను తిడుతుండు. మన తిట్టే అక్కా! ఇని నవ్వచ్చింది. దగ్గెరికి పోయి నువ్వు పంపిన గొంతు వెట్టి ఇనిపిచ్చిన. గట్లనే కూలవడ్డడు."

తెర మీద ఇసుక, తర్వాత ఒక తొట్టి అంచు, తర్వాత గడ్డం పెరిగిన మనిషి. నేను పలకరించేలోపే అతను, "సిరిసిల్లకు జర కబురు జెప్పరా అమ్మా" అన్నాడు. అదే గొంతు.

ఫోన్ ఆమె చేతిలో పెట్టాను.  అతనే ముందు అడిగాడు.

"బిడ్డ మంచిగున్నదా?"

ఆమె ఏడవలేదు. కోపంగా అంది. "పన్ను ఊడింది, కొత్తది గూడ అచ్చింది. చెప్పిన గద. ఇనలేదా?"

"ఎప్పుడు జెప్పినవే?"

"రోజు జెప్పుతనే ఉన్న గద!"

"దేంట్ల? నా ఫోన్ పోయి ఏడాది కావట్టె. మేక కొమ్ము తలిగి తొట్టిల వడ్డది. ఎంత ఎండవెట్టినా లేవలే. ఇంకోటి కొనుక్కుంటనంటె ఈడ దుకానమేది?"

బెంచీ మీద ఉన్న ఆమె ఫోన్ తెర ఇంకా వెలుగుతూనే ఉంది. నేను చూశాను, ఆమె చూసింది. కాసేపటి కింద పంపిన వాయిస్ పక్కన మైకు గుర్తు నీలం రంగుకు మారింది. ఎవరో అప్పుడే విన్నారు.

మొగుడు ఎదురుగా తెర మీద ఉన్నాడు, చేతిలో మేకలు తోలే కర్ర తప్ప ఏమీ లేదు. ఆమె తన ఫోన్‌ను తిప్పి బోర్లా పెట్టింది, అన్నం గిన్నె మీద మూత పెట్టినంత నెమ్మదిగా. పెట్టి అతనితో మాట్లాడింది. ఏడుపు, నవ్వు, తిట్లు, అన్నీ. ట్యాంకర్ అబ్బాయి ఫోన్ పట్టుకుని నిలబడి, "వదినా, నీళ్లు పొంగుతున్నయ్, జర ఆగు" అని మధ్యలో పైపు కట్టేసి మళ్ళీ వచ్చాడు.

మాట్లాడటం అయ్యాక నన్ను అడిగింది. "మరి గింత కాలం ఇన్నది ఎవ్వరక్కా?"

తమ్ముడు కిందకు పోయి, ఫోన్లు రీఛార్జి చేసే దుకాణంలో అడిగి వచ్చాడు. ఆమె మొగుడు మన దేశం సిమ్ముతోనే వాట్సాప్ పెట్టుకుని సౌదీ పోయాడు. ఆ సిమ్ముకు నెలల తరబడి ఎవరూ రీఛార్జి చేయించలేదు. కంపెనీ నంబరు వెనక్కి తీసుకుని ఇంకెవరికో అమ్మేసింది. ఆ ఎవరో వాట్సాప్ పెట్టుకున్నారు, తమ కోడె ఫొటో పెట్టుకున్నారు. ఆమె పంపిన వాయిస్‌ల మధ్యలో ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం కూడా పడి ఉంది, కోడు మారింది అని. మనిషి మారి ఉండవచ్చని వాట్సాప్ చెప్పే పద్ధతి అదట. ఫోన్‌లో పడే ఇంగ్లీషును ఎవరు చదువుతారు?

తమ్ముడు ఆ నంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తారు. మాట్లాడలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, అంతే. పెట్టేశారు.

"గిది మామూలు సంగతి కాదు. పోలీస్ స్టేషన్ల కాయితమిద్దాం" అన్నాడు తమ్ముడు. "ఒక ఆడిపిల్ల సంసారమంత దొంగతనంగ ఇన్నడు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అద్దన్నా. పక్కింటాయన పొయ్యిన్నాడు నేను ఏం జెప్పిన్నో నాకు ఎర్క. గా దినం నీలం వడకపోతె ఏమయ్యేదో గూడ ఎర్క."

ఆమె మొగుడిని ఇంటికి తేవడానికి చాలా నెలలు పట్టింది. ఈసారి దరఖాస్తు పెట్టాం. ట్యాంకర్ అబ్బాయి నీళ్ళు పోయడానికి పోయినప్పుడల్లా యజమానితో మాట్లాడాడు. పాస్‌పోర్టు కోసం ఎన్నిసార్లు ఎవరికి ఫోన్ చేశామో ఇప్పుడు చెబితే మీకు నిద్రొస్తుంది. వచ్చాడు. సిరిసిల్లలో అప్పటికి పండుగ చీరల పని వచ్చి సాంచాలు మళ్ళీ కొంత కదిలాయి. అతనికీ పని దొరికింది.

కొన్ని రోజులకు ఇద్దరూ కలిసి ఆఫీసుకు వచ్చారు. ఆమె నాతో పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది. "నేను లేనప్పుడు ఏమేం అయిందో జెప్పు అంటడక్కా. నోరు దెరుస్త, మాట రాదు. అన్ని చెప్పేసిన గద. చెప్పినట్టే ఉన్నది. ఎవ్వరికి చెప్పిన్నో గదే తెల్వది."

చివరికి ఆమె ఒక పని చేసింది. ఫోన్ అతని చేతికిచ్చి, మొదటి నుంచి విను అని చెప్పి, తాను గడప బయట కూర్చుంది. అతను రోజూ మాపటికి కొన్ని విన్నాడు. అతను వింటున్నంతసేపూ ఆమె బయటే బీడీలు చేసుకునేదట. ఆ పొడుగు వాయిస్ విన్న రోజు అతను బయటికొచ్చి పక్కన కూర్చుని, ఆకు కత్తిరించి ఇచ్చాడట.

మా ఆఫీసులో నాతో అతను అన్న మాట ఇది. "గాయనెవ్వరో గని నాకన్న ముందు ఇన్నడు. కోపమైతే ఉన్నది అమ్మా. గని రీఛార్జి జేయించిండు సూడు, గక్కడ నా కోపం ఆగిపోతుంది. ఏమనుకొని జేసిండు?"

వాళ్ళు వెళ్ళాక ఆ నంబరు నా ఫోన్‌లో పెట్టుకున్నాను. ఊరు తెలియదు, పని తెలియదు, పక్క మంచం తెలియదు. పేరు దగ్గర ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. నా ఫోన్‌లో అట్లా ఉన్న నంబరు అదొక్కటే. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు నేనే ఒక వాయిస్ పంపాను.

"బిడ్డా, నువ్వెవ్వరో నాకు తెల్వది. మొగపిల్లగానివో, ఆడిపిల్లవో, ముసలిదానివో. నీ మీద ఎవ్వరు కేసు వెడుతలేరు. ఆ పొల్ల మొగడు ఇంటికి అచ్చిండు, మంచిగున్నరు. నేను గూడ బూతుల కూసోని మంది మాటలు శాన ఇన్న, నాకు తప్పలే గనుక ఇన్న. నీకేం అవుసరముండె? రాంగ్ నంబర్ అని ఒక్క మాట అంటె అయిపోవు గద. ఎందుకు అనలే? ఆమె మాట ఆగిపోతదని తెలిసి రీఛార్జి ఎందుకు జేయించినవ్? నీ ఇంట్ల నీతోని మాట్లాడేటోళ్లు లేరా బిడ్డా?"

రెండు టిక్కులు పడ్డాయి. కాసేపటికి మైకు గుర్తు నీలం అయ్యింది. నేను ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. పైన, ఆ ఖాళీ పేరు కింద, రికార్డింగ్ అని పడింది. అంటే అటువైపు ఎవరో వేలు నొక్కిపట్టి మాట్లాడుతున్నారు. చాలాసేపు ఉంది. కింద బస్టాండులో వేములవాడ బస్సు కదిలి, మలుపు తిరిగి పోయేంతసేపు ఉంది. తర్వాత పోయింది. ఏమీ రాలేదు. మరుసటి వారానికి కోడె ఫొటో కూడా తీసేశారు, నంబరు పని చేయడం మానేసింది.

అంతసేపు ఆ ఫోన్‌కు ఏం చెప్పుకుని, నాకు పంపకుండా ఎందుకు చెరిపేసుకున్నారు?